కట్టుడు అయిపోయిందా?

2 జులై 2023, ఆదివారం

ఇక ఇంట్లో బాస్కెట్‌బాల్ మాట ఎత్తవద్దని మంజుల నిన్న తేల్చి చెప్పింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో నా భార్య గట్టిగా అడిగింది ఇదొక్కటే కాబట్టి ఒప్పుకున్నాను. మాట ఎత్తవద్దన్నది కానీ రాయవద్దనలేదు. దుకాణంలో సేటు జనవరిలో ఇచ్చిన ఈ డైరీ ఆరు నెలలుగా ఖాళీగానే ఉంది.

మొదటి పేజీలో వివరాలు నింపమని అచ్చు వేశారు. పేరు: పరమేశ్వర్. రక్తం: బి పాజిటివ్. వృత్తి: మా తాతలు బట్ట నేశారు, నేను నల్గొండలో ఒక బట్టల దుకాణంలో మీటర్ల లెక్కన కత్తిరిస్తాను. దీర్ఘకాలిక వ్యాధులు: గుట్టకింది క్లబ్, ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు.

మా జట్టు కప్పు గెలిచింది 2012లో. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది కానీ కప్పు రాలేదు. 2019లో సీనియర్లు ఐదుగురూ ఒకే ఏడాది పెళ్లిళ్లని, ఉద్యోగాలని వెళ్లిపోతే కోచ్ ఉష మేడం చిన్న పిల్లలను తీసుకుని, కింది నుంచి కట్టాలె, నాలుగేండ్లు ఆగుండ్రి అన్నది. అప్పటి నుంచి మేము ఓడిపోవడం మానేశాం. ఓడితే 'కట్టుడు నడుస్తాంది' అంటాం. ఇరవై పాయింట్లతో ఓడితే 'పునాది గట్టిగ పడ్తాంది' అంటాం.

9 జులై, ఆదివారం

వరుసగా మూడో గెలుపు.

మ్యాచ్ అయ్యాక కాటమయ్య లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా గ్రౌండులో మూడో మెట్టు మీద నా పక్కనే కూర్చుంటాడు. బస్సు కండక్టర్‌గా రిటైరయ్యాడు కాబట్టి ఏ మాటైనా స్టేజీ వచ్చినట్టు చెప్తాడు.

"కట్టుడు అయిపోయింది. ఇగ గృహప్రవేశమే," అన్నాడు.

మెట్ల మీద వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇంకా స్లాబే పడలేదు, గృహప్రవేశానికి ఎక్కడికి పోతావని అడిగాను. నాకు చప్పట్లు రాలేదు. నిజం చెప్పేవాళ్లకు రావు.

10 జులై

అయిపోలేదు.

16 జులై, ఆదివారం

మెట్లు రెండుగా చీలిపోయాయి. ఎడమ వైపు అయిపోయిందనేవాళ్లు, కుడి వైపు కాలేదనేవాళ్లు. మధ్యలో ఇద్దరు పట్టేంత జాగా ఖాళీగా వదిలారు, సరిహద్దు లాగా. మా పిల్లలు ఎదురుగా ప్రాక్టీసు చేస్తున్నారని ఇద్దరికో ముగ్గురికో గుర్తుంది.

పాయింట్ గార్డ్‌గా నిరోష లాంటి పిల్ల ఉన్నాక ఇంకేం కట్టాలని కాటమయ్య వాదం. తిరుమలగిరి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. బంతి ఆ పిల్ల చేతిలో ఉంటే మిగతా నలుగురికీ ఎటు పరుగెత్తాలో తెలుస్తుందంటాడు. అది నిజమే. నిజమైనంత మాత్రాన ఒప్పుకోవాలా?

నా దగ్గర నోట్‌బుక్ ఉంది. నాలుగేళ్లుగా ప్రతి మ్యాచ్‌కూ తీసుకుపోతాను. నిరోష మొత్తం 310 ఫ్రీ త్రోలు వేస్తే 128 పడ్డాయి. వందకు నలభై ఒకటి. ఎవరూ అడ్డం రాకుండా, నిలబడి, తీరికగా వేసే బంతులవి. సగం కూడా పడని పిల్ల జట్టును నడిపిస్తుంటే కట్టుడు అయిపోయిందని ఎలా అంటారు? అంకె చెప్పగానే ఎడమ మెట్ల వాళ్లు గ్రౌండు వైపు తిరిగి కూర్చున్నారు.

అంకెకు ఎదురు లేదు.

23 జులై, ఆదివారం

ఒక్క పాయింటుతో ఓడిపోయాం. చివర్లో నిరోషకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రెండూ పడలేదు.

వందకు నలభై ఒకటి అని కాటమయ్య చెవిలో చెప్పాను. అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వస్తూ కూనిరాగం తీశాను. మా జట్టు ఓడినందుకు కాదు, నా మాట నెగ్గినందుకు. రెండూ వేరని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

27 జులై, గురువారం

క్లబ్ సెక్రటరీ మురళీమోహన్ స్వయంగా దుకాణానికి వచ్చాడు. టైల్స్ వ్యాపారం చేస్తాడు. ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. కుర్చీ వేశాను, చాయ్ తెప్పించాను, ఇంకా ఏమైనా ఉంటే చేసేవాణ్ణి.

వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో రాష్ట్ర స్థాయి టోర్నీ ఉంది. హైదరాబాద్ నుంచి ముగ్గురు పెద్ద ప్లేయర్లను ఈ టోర్నీ వరకు తెద్దామని అతని ఆలోచన. ఉష మేడం ససేమిరా అంటోందట. అభిమానులే ఒక ఉత్తరం రాసిస్తే కమిటీలో పని తేలికవుతుందన్నాడు.

"నువ్వే అన్నవు గదనే పరమేశన్నా, పిల్లలు ఇంక తయారు కాలేదని. గదే రాయి. నీ దగ్గర లెక్కలున్నయంట గద."

రాశాను. రెండు పేజీలు. మూడో పేరాలో నిరోష పేరు, నలభై ఒకటి. దాని కింద గీత కూడా గీశాను.

28 జులై

ఇరవై రెండు మంది సంతకాలు పెట్టారు. ఎడమ మెట్ల వాళ్లు కూడా. కప్పు అంటే ఎవరికి చేదు?

కాటమయ్య పెట్టలేదు. ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. టికెట్ మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపాడు.

"ఇది జట్టు గెల్వనీకె రాసినవా, నా మీద గెల్వనీకె రాసినవా?"

రెండింటికీ అన్నాను. చురుకైన జవాబే. ఇంటికి వచ్చాక అంత చురుకుగా అనిపించలేదు.

5 ఆగస్టు, శనివారం

ముగ్గురూ వచ్చారు. బాగా పొడగరులు. మెట్ల మీద మా వాళ్లు మెడలు ఎత్తి చూస్తూ ఒకరినొకరు అభినందించుకున్నారు, తామే కని పెంచినట్టు.

టోర్నీకి పన్నెండు మంది జాబితా గోడకు అంటించారు. ముగ్గురు వచ్చారు కాబట్టి ముగ్గురు పోవాలి. పోయిన వాళ్లలో నిరోష ఉంది.

నేను పిల్లలు తయారు కాలేదని రాశానే కానీ తీసేయమని రాయలేదు. ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. నకలు నా దగ్గర ఉంది, మళ్లీ చదివి చూసుకున్నాను. లేదు.

8 ఆగస్టు, మంగళవారం

మధ్యాహ్నం ఉష మేడం దుకాణానికి వచ్చింది. జాకెట్ గుడ్డ కావాలన్నది. ముదురు ఆకుపచ్చ. నేను బట్ట తాను విప్పి కొలుస్తున్నాను.

"మీరు రాసింది చదివిన అన్నా. దస్తూరి మంచిగున్నది," అన్నది.

నేను రెండుసార్లు కొలిచాను, ఒకసారి కొలిచింది మరచిపోయి.

క్లబ్ వదిలేశానని చెప్పింది. కల్వకుర్తిలో ఒక స్కూల్లో ఆటల టీచర్‌గా పిలిచారట, అక్కడి టౌన్ జట్టును కూడా చూసుకోమన్నారట. కోపంగా చెప్పలేదు. నిరోష సంగతి కూడా తనే చెప్పింది. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక వ్యాయామ టీచర్ కోర్సుకు వెళ్లాలనుకుంటోంది. రాష్ట్ర స్థాయిలో ఆడినట్టు కాగితం ఉంటే సీటుకు ఆసరా అవుతుందని నాలుగేళ్లుగా ఈ టోర్నీ కోసమే కాచుకుంది. నిన్న హాస్టల్ నుంచి సంచి సర్దుకుని ఇంటికి వెళ్లిపోయిందట.

పొట్లం చేతికిచ్చాను.

"నాలుగేండ్లది కలిపి నలభై ఒకటని రాసిన్రు. ఈ ఏడుది ఎంతన్నా?"

చూడాలన్నాను.

"చూడుండ్రి," అని వెళ్లిపోయింది.

9 ఆగస్టు

నలభై ఒకటి అబద్ధం కాదు.

10 ఆగస్టు

సరాసరి అంటేనే అన్నీ కలిపి తీసేది. బడిలో అదే నేర్పుతారు.

20 ఆగస్టు, ఆదివారం. మహబూబ్‌నగర్

గెలిచాం.

పదకొండేళ్ల తర్వాత కప్పు. ఫైనల్లో పదిహేడు పాయింట్ల తేడా. ఒకే బస్సులో అరవై మందిమి వచ్చాం. కాటమయ్య రాలేదు. అరిచి అరిచి నా గొంతు పోయింది.

ఆట గురించి కూడా రాయాలి కదా. హైదరాబాద్ ముగ్గురూ బంతిని వాళ్లలో వాళ్లే ఇచ్చుకున్నారు. మిగతా ఇద్దరు, అంటే మా పిల్లలు, నిజాయితీగా అటూ ఇటూ పరుగెత్తారు. ఒక పిల్లకు బంతి రెండుసార్లు దొరికింది, రెండుసార్లూ గీత బయట నుంచి లోపలికి విసరడానికి. నా పక్కన ఒక పాలమూరు పెద్దమనిషి, మీ ఏడో నంబర్ అమ్మాయి పేరేమిటని అడిగాడు, ఆ హైదరాబాద్ ముగ్గురిలో ఒకరిని చూపించి. నాకు తెలియదు. వెనక్కి తిరిగి మా అరవై మందినీ అడిగాను. వాళ్లకూ తెలియదు. ఏడో నంబర్ జిందాబాద్ అని అరిచాం.

ఈ క్షణం కోసం పదకొండేళ్లు ఎదురుచూశాను. వచ్చింది. ఐదు నిమిషాలు కూర్చుని వెళ్లిపోయింది.

21 ఆగస్టు

ముగ్గురూ పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కారు. కప్పు మాత్రం మా దగ్గరే ఉంది. మురళీమోహన్ దాన్ని తన టైల్స్ షోరూంలో పెట్టుకున్నాడు. బాత్రూం సెట్ల పక్కన, అందరికీ కనబడేలా.

27 ఆగస్టు, ఆదివారం

గ్రౌండుకు వెళ్లాను. ప్రాక్టీసుకు నలుగురు పిల్లలు వచ్చారు. ఈ ఆటకు ఐదుగురు కావాలని నాకు బాగా గుర్తు. కోచ్ లేదు. నిరోష లేదు. జాబితాలోంచి పోయిన మిగతా ఇద్దరూ లేరు. ఫైనల్లో పరుగెత్తిన ఇద్దరిలో ఒక పిల్ల, ఇంకా ఎందుకు పరుగెత్తాలని మానేసిందట. బెంచీ మీద కూర్చున్న వాళ్లలోనూ కొందరు అదే దారి పట్టారట.

మురళీమోహన్ మెట్ల దగ్గరికి వచ్చి మమ్మల్ని ఓదార్చాడు.

"ఏం ఫికర్ లేదు. మల్ల కట్టుడు మొదలు వెడ్దాం. ఒక నాలుగేండ్లు."

కప్పు గెలిచి వారం. లోకంలో ఏ జట్టూ ఇంత వేగంగా కూలి ఉండదు. కుడి మెట్లు, ఎడమ మెట్లు తలలు ఊపాయి. చివరికి అందరికీ ఏకాభిప్రాయం కుదిరింది: కట్టుడు అయిపోలేదు. నేను గెలిచాను.

ఇంటికి వచ్చి నోట్‌బుక్ తెరిచాను. చూడాలన్నాను కదా ఉష మేడంతో, చూశాను. 2019లో నిరోష 90 వేస్తే 18. కరోనా తర్వాత 70కి 22. మరుసటి ఏడు 70కి 35. ఈ ఏడు 82 వేస్తే 53. వందకు అరవై నాలుగు పైన.

చూశాను అని రాయడం కూడా అబద్ధమే. ఉత్తరం రాసిన రోజే ఈ పేజీ చూశాను. చూసి, నాలుగేళ్లూ కలిపి రాశాను. అరవై నాలుగు రాస్తే కాటమయ్య గెలుస్తాడు.

అంతే. ఒక పెద్దమనిషితో మెట్ల మీద పందెం లేని వాదంలో గెలవడానికి చేసిన పని. ఇందులో ఇంకే గొప్ప కారణమైనా ఉందేమోనని గంటసేపు వెతికాను. లేదు.

3 సెప్టెంబర్, ఆదివారం

పొద్దున కాటమయ్య ఇంటికి వెళ్లాను. నోట్‌బుక్ పేజీ చూపించాను. అద్దాలు పెట్టుకుని చూశాడు. ఎక్కడికి పోదామనుకుంటున్నావని అడిగాడు. తిరుమలగిరి అన్నాను. చెప్పులు వేసుకున్నాడు. బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చాడు. నలభై రోజుల తర్వాత పక్కపక్కన కూర్చున్నాం, అయినా ఆయన ఆ బస్సు కండక్టర్ టికెట్లు సరిగ్గా కొట్టడం లేదనే విషయం మీదే మాట్లాడాడు.

నిరోష వాళ్లమ్మ సోమమ్మ ఊరి బయట పత్తి చేన్లో కలుపు తీస్తోంది. కూలికి. పక్క సాలులో నిరోష కూడా ఉంది. మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చింది. చేతుల నిండా మట్టి. మంచినీళ్లు ఇచ్చింది.

బస్సులో నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. నోట్‌బుక్ తెరిచి, ఈ ఏడు 82కి 53 బిడ్డా, ఉత్తరంలో అది కావాలనే రాయలేదు అన్నాను.

"ఎనభై రెండు గాదు కాకా, ఎనభై నాలుగు," అన్నది నిరోష. "దేవరకొండల ఆడిన దినం మీరు రాలె. ఆ రెండు గూడ పడ్డయ్."

ఆ పిల్ల కూడా లెక్క రాసుకుంటోందన్నమాట. 84కి 55. నా పెన్నుతోనే దిద్దింది. తర్వాత నోట్‌బుక్ మూసి నాకిచ్చేసి మళ్లీ సాలులోకి వెళ్లింది. తిట్టి ఉంటే తిరుగు బస్సులో కొంచెం హాయిగా ఉండేది.

సోమమ్మ మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆమెకు ఫ్రీ త్రో అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

"లెక్కలు సరే అయ్యా. కాయిదం ఇప్పిస్తరా?"

అక్టోబర్‌లో ఇంకో రాష్ట్ర స్థాయి టోర్నీ నల్గొండలోనే ఉంది. ఉష మేడం తన కల్వకుర్తి జట్టులో ఆడిస్తానంటోంది. అయితే నిరోష పేరు గుట్టకింది క్లబ్‌లో ఉంది. ఈ అమ్మాయిని వదిలేస్తున్నామని సెక్రటరీ సంతకం పెడితే తప్ప ఇంకో జట్టుకు ఆడనివ్వరు.

ఇప్పిస్తానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు.

10 సెప్టెంబర్, ఆదివారం

మురళీమోహన్ ఇవ్వనన్నాడు. కప్పు పక్కన కూర్చుని, చాలా మర్యాదగా.

"గంత మంచి ప్లేయర్‌ను ఎవరన్న ఇడుస్తరా అన్నా? మల్ల జట్టు కట్టాలంటె గా పిల్లే గావాలె."

మరి జాబితాలోంచి ఎందుకు తీశావని కాటమయ్య అడిగాడు.

"అభిమానులు రాసిచ్చిన్రు గద," అన్నాడు.

నా దస్తూరి ఇంత బలమైనదని నాకు తెలియదు. ఒక ఉత్తరంతో ఆ పిల్లను తీసేయవచ్చు, అదే ఉత్తరం చూపించి కట్టేసీ ఉంచవచ్చు.

24 సెప్టెంబర్, ఆదివారం

కప్పు సన్మాన సభ. గ్రౌండులోనే షామియానా వేశారు. సన్మానం ఎవరికంటే, గెలిచిన ముగ్గురూ రాలేదు కాబట్టి కమిటీకి. సీనియర్ అభిమానిగా రెండు మాటలు చెప్పమని నాకు మైకు ఇచ్చారు. మురళీమోహనే ఇచ్చాడు పాపం.

నేను జేబులోంచి ఉత్తరం నకలు తీసి మూడో పేరా చదివాను. తర్వాత నోట్‌బుక్ తీసి ఏడాదికి ఏడాది చదివాను. ఇరవై నుంచి అరవై ఐదు దాకా ఒక పిల్ల ఎలా ఎక్కిందో. ఏ కట్టుడు గురించి మనం రెండున్నర నెలలు కొట్టుకున్నామో అది ఈ పేజీలో ఉన్నదని, నేను దాన్ని దాచిపెట్టానని చెప్పాను. వాదం గెలవడానికి దాచానని కూడా చెప్పాను.

వెనక నుంచి ఎవరో దిగమని ఈల వేశారు. సంతకాలు పెట్టిన ఇరవై రెండు మందిలో కొందరు నేల చూశారు, కొందరు నన్ను చూశారు. నేలే నయం.

చివరగా సెక్రటరీ సాబ్‌ను ఒకటే అడిగాను. "నా ఉత్తరం నిజమైతె ఆ పిల్ల మనకు పనికిరాదు, ఇడిసిపెట్టుండ్రి. అబద్ధమైతె, అబద్ధం మీద తెచ్చుకున్న కప్పు అది. ఏదో ఒకటి మైకుల చెప్పుండ్రి."

మురళీమోహన్ నవ్వాడు. ఎవరైనా తనతో కలిసి నవ్వుతారేమోనని చూశాడు. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఉన్న ఆ నలుగురు పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అతను అక్కడే, వేదిక మీదే, కాగితం తెప్పించి సంతకం పెట్టాడు. మా పెద్ద మనసు చూడండి అని మైకులో ప్రకటించాడు. దానికి అందరూ కొట్టారు.

25 సెప్టెంబర్

కాగితం కాటమయ్య తీసుకెళ్లి సోమమ్మ చేతికిచ్చి వచ్చాడు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు.

1 అక్టోబర్, ఆదివారం

మెట్ల మీద నాతో ఎవరూ మాట్లాడటం లేదు. జట్టు పొట్ట కొట్టినవాణ్ణి నేను. వాళ్లు అన్నదీ అబద్ధం కాదు. ఒక లాభం ఉంది, కాళ్లు బార్లా చాపుకుని కూర్చునేంత జాగా దొరుకుతోంది.

8 అక్టోబర్, ఆదివారం

టోర్నీ రెండో రోజు. గుట్టకింది క్లబ్ మీద కల్వకుర్తి.

మా వాళ్లు ఎలాగో ఏడుగురిని పోగేశారు. అందులో ఇద్దరికి బూట్లు పెద్దవయ్యాయి. అటు వైపు ఉష మేడం చేతులు కట్టుకుని నిలబడింది, ఆకుపచ్చ జాకెట్‌లో కాదు, ట్రాక్ సూట్‌లో. నిరోష మా గ్రౌండులో మా మీద ఆడింది. మూడో నిమిషంలోనే మ్యాచ్ ఎటు పోతోందో తెలిసిపోయింది. వాళ్లవి యాభై ఎనిమిది, మావి ముప్పై మూడు.

మా మెట్లు మొదట్లో ఆ పిల్లను గేలి చేశాయి. తర్వాత ఊరుకున్నాయి. నేను నోట్‌బుక్ తీసుకెళ్లలేదు. అయినా కళ్లు అలవాటు మానలేదు: తొమ్మిది ఫ్రీ త్రోలు, ఎనిమిది పడ్డాయి. తొమ్మిదోది కూడా రింగు మీద కాసేపు ఆలోచించింది.

మా జట్టు ఓడుతుంటే నేను చప్పట్లు కొట్టాను. ఈసారి కూనిరాగం తీయలేదు.

అయిపోయాక గేటు దగ్గర నేనూ కాటమయ్యా నిలబడ్డాం. నిరోష మెడలో తువ్వాలతో వచ్చింది. మొదట కాటమయ్యతో మాట్లాడింది. మోకాలు ఎట్లున్నది తాతా, ఎక్కువ నడవకు అన్నది. టోర్నీ కాగితం సాయంత్రం ఇస్తారట. ఆ మాట కూడా ఆయనకే చెప్పింది. నేను పక్కన స్తంభంలా నిలబడి, స్తంభాలు వింటాయన్నట్టు విన్నాను.

వెళ్లబోతూ నా వైపు తిరిగింది.

"కాకా, మల్ల నా గురించి ఉత్తరం రాస్తె జర ముందుగాల నాకు చూపెట్టు. గోడ మీద జాబితల సూసి ఎర్కజేసుకునుడు మంచిగుండదు."

సరే బిడ్డా అన్నాను. ఆ పిల్ల అప్పటికే నడుస్తోంది. నవ్వుతూ అనలేదు. నవ్వుతూ అని ఉంటే, మన్నించిందని ఇక్కడ రాసుకునేవాణ్ణి.

కల్వకుర్తి పిల్లలంతా వ్యాన్ ఎక్కారు. లోపల ఒకటే గోల, పాటలు. వ్యాన్ కదలగానే నేను చెయ్యి ఊపాను. ఎవరూ చూడలేదు. కాటమయ్య గేటుకు ఆనుకుని ఆగాడు. మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను.